ఫ్లోరిడాలో పాత ఇల్లు, హరికేన్ బీమా: కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక ఏం చేయాలి

ఇన్‌స్పెక్టరు అటక మీది నుంచి దిగి, మోకాళ్లకు అంటుకున్న దూది లాంటి ఇన్సులేషన్ దులుపుకుంటూ "రెండే మేకులున్నాయి" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. ఫోనులో ఫొటో చూపించాడు. గోడలోంచి పైకి వచ్చిన ఇనుప పట్టీ ఒకటి పైకప్పు వాసాన్ని పట్టుకుని ఉంది. దానికి రెండు మేకులు కొట్టి ఉన్నాయి. మూడు ఉండాలట. 1978లో ఆ ఇల్లు కట్టినవాళ్లు రెండు చాలనుకున్నారు. ఇప్పటి బీమా ఫారంలో మాత్రం మూడో మేకు లేని పట్టీ ఉన్నా లేనట్టే లెక్క. ఆ ఒక్క గడిలో టిక్కు ఎక్కడ పడుతుందన్నదాన్ని బట్టి ఏటా కట్టే ప్రీమియం మారిపోతుంది.

అప్పటిదాకా మేము చూసిందంతా వంటగది ఎంత పెద్దది, బడి ఎంత దూరం, పెరట్లో ఎండ ఎటు పడుతుంది అన్నవే. అటక ఎక్కి చూడాలని తోచనే లేదు. ఈ రాష్ట్రంలో పాత ఇల్లు కొనేవారు వంటగది కంటే ముందు అటక చూడాలని ఇప్పుడు ఎవరు అడిగినా చెబుతాను. ఒకే వీధిలో, ఒకే ఏడాది, ఒకే బిల్డరు కట్టిన రెండిళ్లకు ప్రీమియం చాలా తేడాగా రావచ్చు. కంటికి కనిపించని చోట ఏముంది, అది ఉందని చూపే కాగితం మీ చేతిలో ఉందా అన్న రెండు విషయాల మీదే ఆ తేడా నడుస్తుంది. అందుకే పని వరుస తప్పకుండా చేయాలి. ఇక్కడ చెప్పేదంతా ఫ్లోరిడా నియమాల ప్రకారం. టెక్సస్ తీరంలోనో లూసియానాలోనో కొనేవారికి సంస్థల పేర్లూ ఫారాలూ వేరుగా ఉంటాయి.

ఇల్లు చూడటానికి వెళ్లే ముందు: రెండు తేదీలు

మొదటిది ఇల్లు కట్టిన తేదీ. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ మయామీకి దక్షిణాన ఉన్న ఊళ్లను నేలమట్టం చేసింది. ఆ దెబ్బకు కొన్ని బీమా కంపెనీలు దివాలా తీశాయి. ఆ పాఠంతోనే రాష్ట్రమంతటికీ ఒకే ఫ్లోరిడా బిల్డింగ్ కోడ్ (ఇళ్లు ఎలా కట్టాలో చెప్పే నియమావళి) వచ్చి 2002 మార్చి 1 నుంచి అమలైంది. మయామీ-డేడ్, బ్రోవార్డ్ కౌంటీల్లో మాత్రం గట్టి నియమాలు 1994లోనే వచ్చాయి. బీమా కంపెనీల దృష్టిలో 'పాత', 'కొత్త' అన్న గీత ఇక్కడే ఉంది. 2001లో కట్టిన ఇల్లు, 2003లో కట్టిన ఇల్లు మన కంటికి ఒకేలా కనిపించినా బీమా లెక్కలో వేర్వేరు గదుల్లో పడతాయి.

రెండోది పైకప్పు తేదీ. ఇది మొదటిదానికంటే ముఖ్యం. ప్రకటనలో 'కొత్త రూఫ్' అని రాసి ఉంటే ఎప్పుడు వేశారని అడగడంతో ఆగవద్దు, పర్మిట్ నంబరు అడగండి. కౌంటీ లేదా నగర భవన విభాగం వెబ్‌సైటులో ఇంటి చిరునామా కొడితే పాత పర్మిట్ల జాబితా చాలా చోట్ల ఉచితంగానే కనిపిస్తుంది. పర్మిట్ తెరిచి, చివరి తనిఖీ పూర్తి చేసి, మూసేశారా అన్నది కూడా చూడండి. తెరిచి వదిలేసిన పర్మిట్ ఉంటే ఆ తలనొప్పి కొన్నవారిదే అవుతుంది.

పైకప్పు వయసు విషయంలో 2022లో వచ్చిన చట్టం కొంత ఊరట ఇచ్చింది. కప్పు వయసు 15 ఏళ్లలోపు ఉంటే, కేవలం వయసు కారణం చూపి కంపెనీ పాలసీని నిరాకరించకూడదు. 15 ఏళ్లు దాటితే, కప్పును అర్హులైన వారి చేత తనిఖీ చేయించుకునే అవకాశం ఇవ్వాలి. ఇంకా కనీసం 5 ఏళ్లు పనికొస్తుందని తనిఖీలో తేలితే వయసు ఒక్కటే సాకుగా చూపి కాదనకూడదు. ఇందులో మెలిక ఒకటుంది. కాదనకూడదన్నారు గానీ, ఎంత వసూలు చేయాలో చెప్పలేదు. పాత కప్పు మీద ఎక్కువ ప్రీమియం వేయవచ్చు, నష్టం జరిగినప్పుడు తరుగు తీసేసి ఇచ్చే షరతు పెట్టవచ్చు. చట్టం పేరు చెప్పి ధైర్యంగా కొనేసిన తరువాత కోట్ (కంపెనీ చెప్పే ప్రీమియం ధర) చూసి నీరుగారిపోయినవారు ఉన్నారు.

ఒప్పందం మీద సంతకం పెట్టాక: గడువు పరుగెడుతుంది

ఫ్లోరిడాలో పాత ఇళ్ల అమ్మకాలు చాలావరకు 'ఉన్నది ఉన్నట్టుగా' అనే ఒప్పందం మీద జరుగుతాయి. అందులో తనిఖీ గడువు గడిని ఖాళీగా వదిలేస్తే 15 రోజులు అని అర్థం. చాలామంది మొదటి వారమంతా ఇంటి తనిఖీ నివేదిక కోసం ఎదురుచూస్తూ, బీమా సంగతి లోను ఇచ్చేవారు అడిగినప్పుడు చూద్దాంలే అనుకుంటారు. అది పొరపాటు. ఆ 15 రోజులూ దాటాక ప్రీమియం చూసి బెదిరి వెనక్కి తగ్గితే బయానా పోగొట్టుకునే ప్రమాదం ఉంటుంది. కోట్ ఆ గడువులోపే చేతికి రావాలి.

అమ్మేవారిని నాలుగు కాగితాలు అడగండి. వారి దగ్గర ఉన్న ఫోర్ పాయింట్ నివేదిక, విండ్ మిటిగేషన్ ఫారం (ఈ రెండింటి సంగతి కింద వస్తుంది), ఇప్పటి బీమా పాలసీ మొదటి పేజీలు, గత ఏడేళ్ల క్లెయిముల చరిత్ర చూపే క్లూ రిపోర్టు. ఈ చివరిదాన్ని ఇంటి యజమాని మాత్రమే తెప్పించుకోగలరు కాబట్టి మర్యాదగా అడగాలి. ఇవ్వడానికి ఇష్టపడకపోతే, అదీ ఒక సమాధానమే అనుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి అమ్మేవారు గతంలో వరద నష్టానికి బీమా క్లెయిము వేశారా, అందుకు ప్రభుత్వ సహాయం తీసుకున్నారా అన్నది రాతపూర్వకంగా చెప్పి తీరాలి. ఆ కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టకుండా చదవండి.

అమ్మేవారు కడుతున్న ప్రీమియం చూసి మాత్రం సంబరపడవద్దు. వాళ్లు పదేళ్లుగా అదే కంపెనీలో ఉండవచ్చు, ఆ కంపెనీ ఇప్పుడు కొత్త పాలసీలు రాయకపోవచ్చు. అది వారి లెక్క, మీ లెక్క కొత్తగా మొదలవుతుంది.

ఫోర్ పాయింట్ తనిఖీ: పైన పటారం, లోన లొటారం

ఇల్లు 20 లేదా 30 ఏళ్లు దాటితే చాలా కంపెనీలు ఈ నివేదిక లేనిదే మాట్లాడవు. ఇందులో చూసేవి నాలుగే: పైకప్పు, కరెంటు, నీటి పైపులు, ఏసీ. కొని, రంగులేసి, లాభానికి అమ్మే ఇళ్ల బండారం ఇక్కడే బయటపడుతుంది. వంటగదిలో తళతళలాడే కొత్త బీరువాలు, గ్యారేజీ గోడ మీద ఏభై ఏళ్లనాటి కరెంటు ప్యానెల్.

ప్యానెల్ తలుపు తెరిచి పేరు చూడండి. ఫెడరల్ పసిఫిక్, జిన్స్‌కో అన్న పేర్లు కనిపిస్తే, దాన్ని మార్చే ఖర్చును ఇంటి ధరలో కలుపుకోండి. ప్రమాద సమయంలో వీటి బ్రేకర్లు కరెంటు ఆపాల్సినప్పుడు ఆపవన్న కారణంతో చాలా కంపెనీలు వీటిని ఒప్పుకోవు. 1960ల చివర, 1970ల మొదట్లో కట్టిన ఇళ్లలో అల్యూమినియం వైరింగ్ ఉండే అవకాశం ఉంది. దానికి ప్రత్యేకమైన కనెక్టర్లు వేయించినట్టు ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన కాగితం ఉంటే కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి.

పైపుల విషయానికొస్తే, సింకు కింద, వాటర్ హీటరు దగ్గర తొంగిచూసి బూడిద రంగు ప్లాస్టిక్ పైపు ఉందేమో చూడండి. 1970ల చివరి నుంచి 1990ల మధ్య దాకా వాడిన పాలీబ్యుటిలీన్ అదే. ఏ హెచ్చరికా లేకుండా పగిలిపోతుందన్న పేరుంది. ఇంకా పాత ఇళ్లలో నేల కింద మురుగు నీటికి పోత ఇనుప పైపులుంటాయి. ఇవి లోపలి నుంచి తుప్పు పట్టి పోతాయి. నేల పగలగొట్టి మార్చాల్సిన పని కనుక, ఫోర్ పాయింట్‌లో తేలకపోయినా విడిగా కెమెరా దింపి చూపించుకోవడం మంచిది. 40 ఏళ్లు దాటిన ఇళ్లకు నీటి నష్టాన్ని పూర్తిగా మినహాయించే పాలసీలు, లేదా 10,000 డాలర్లకు పరిమితం చేసే పాలసీలు ఇక్కడ మామూలే. తుఫాను గురించి భయపడి కొన్న బీమా, బాత్రూం పైపు పగిలిన రోజున చేతులెత్తేయడం అంటే ఇదే.

ఏసీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పనిచేస్తూ, నీరు కారకుండా ఉంటే సరిపోతుంది.

విండ్ మిటిగేషన్: డబ్బు మిగిలేది ఇక్కడే

ఫోర్ పాయింట్ మీకు తలుపు తెరుస్తుంది. ధర తగ్గించేది మాత్రం ఈ రెండోది. గాలిని తట్టుకునే ఏర్పాట్లు ఉన్న ఇంటికి ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలని ఫ్లోరిడా చట్టం చెబుతోంది. ఆ ఏర్పాట్లు ఉన్నాయని చూపే ఫారం రాష్ట్రమంతటా ఒక్కటే, దాన్ని 1802 ఫారం అంటారు. ఇంట్లో మార్పులు చేయనంతవరకు 5 ఏళ్లు చెల్లుతుంది. ఈ తగ్గింపు ప్రీమియంలోని గాలి భాగానికే వర్తిస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్న ఇంటి బిల్లులో పెద్ద వాటా ఆ భాగానిదే కనుక తేడా బాగానే కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టరుకిచ్చే రుసుము చాలామందికి మొదటి ఏడాదిలోనే తిరిగి వచ్చేస్తుంది.

ఫారంలో ఏడు ప్రశ్నలుంటాయి. మొదటిది ఏ కోడు కింద కట్టారన్నది, దాన్ని మనం మార్చలేం. రెండోది కప్పు పైపొర ఏ ప్రమాణానికి తగినదన్నది. మూడోది కప్పు చెక్కను వాసాలకు ఎలా కొట్టారన్నది. ఇక్కడ ఇన్‌స్పెక్టరు అటకలో మేకు పొడవు, మేకుకూ మేకుకూ మధ్య దూరం కొలుస్తాడు. చిన్న మేకులు దూరదూరంగా ఉంటే ఒక మెట్టు, పొడవు మేకులు ఆరంగుళాలకొకటి ఉంటే ఇంకో మెట్టు. 2007 తరువాత పాత ఇంటికి పర్మిట్‌తో కప్పు మార్చి ఉంటే చెక్కకు కొత్తగా మేకులు కొట్టి ఉండాలి. కానీ పని చేసినవాడు ఫొటో తీసి ఉంచడు. కాబట్టి మీరు ఎప్పుడైనా కప్పు మార్పిస్తే ఆ రోజు ఇంట్లో ఉండండి. చెక్క బయటపడ్డాక ఒకటి, మేకులు కొట్టాక టేపు పక్కన పెట్టి ఒకటి, దాని మీద అంటించే పొర వేశాక ఒకటి ఫొటో తీసుకోండి. ఆ అంటుకునే పొరే ఫారంలో ఆరో ప్రశ్నగా అడిగే 'రెండో నీటి అడ్డు'. పైన పెంకులో షింగిల్సో ఎగిరిపోయినా చెక్క సందుల్లోంచి నీరు దిగకుండా అది ఆపుతుంది. పైపొర వేసేశాక అది ఉందని ఎవరికీ కనిపించదు. ఫొటో, బిల్లు లేకపోతే ఖర్చు పెట్టి కూడా తగ్గింపు పోగొట్టుకుంటారు.

నాలుగోది మా ఇంటి కథ: కప్పును గోడకు దేనితో కట్టారు? కేవలం ఏటవాలుగా కొట్టిన మేకులా, పక్క నుంచి పట్టుకునే క్లిప్పా, వాసం మీదుగా చుట్టి వచ్చిన పట్టీయా, రెండు పట్టీలా అన్నదాన్ని బట్టి మెట్లు ఉంటాయి. పట్టీకి వాసం వైపు కనీసం మూడు మేకులు ఉండాలి, వాసాన్ని అంటిపెట్టుకుని ఉండాలి, తుప్పు పట్టి ఉండకూడదు. ఇవి లేకపోతే అన్నిటికంటే కింది మెట్టు, ఏటవాలు మేకుల వరుసలోకి నెట్టేస్తారు. మాకు జరిగింది అదే. గోడలో పట్టీలన్నీ ఉన్నాయి, ఒక్కొక్కదానికి ఒక్కో మేకు తక్కువ. ఒక వడ్రంగి రెండు రోజులు అటకలో పాకుతూ, చూరు దగ్గర బోర్లా పడుకుని, పట్టీ పట్టీకి మూడో మేకు కొట్టాడు. ఎండాకాలం వద్దు, జనవరిలో పెట్టుకుందామని అతనే అన్నాడు. జూలైలో ఆ అటకలో అయిదు నిమిషాలు నిలబడి చూస్తే ఎందుకన్నాడో తెలుస్తుంది. ఆ తరువాత ఇన్‌స్పెక్టరును మళ్లీ పిలిచి కొత్త ఫారం రాయించాము. ఇల్లు మొత్తంలో మేము పెట్టిన ఖర్చుల్లో ఫలితం అంత తొందరగా కనిపించింది మరొకటి లేదు.

అయిదోది కప్పు ఆకారం. నాలుగు వైపులా వాలు ఉన్న హిప్ కప్పు గాలిని బాగా తట్టుకుంటుంది, తగ్గింపు కూడా మంచిది. రెండు వైపులే వాలు ఉండి చివరల్లో త్రికోణపు గోడ నిలబడితే అది గేబుల్. దానికి ఆ తగ్గింపు లేదు. చుట్టుకొలతలో పదో వంతు కంటే ఎక్కువ భాగం గేబుల్ అయితే మొత్తం హిప్ లెక్కలోంచి పోతుంది. ముందు యజమాని ముచ్చటపడి వేసిన వరండా కప్పు ఒకటి ఈ లెక్క చెడగొట్టవచ్చు. ఇల్లు ఎంచుకునేటప్పుడే రోడ్డు మీద నిలబడి చూసుకోవాల్సినది ఇది, తరువాత మార్చుకోవడం అయ్యే పని కాదు.

ఏడోది కిటికీలు, తలుపులు. ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. పది కిటికీలకు దెబ్బను తట్టుకునే ఇంపాక్ట్ అద్దాలు వేయించి, బాత్రూంలోని చిన్న కిటికీని వదిలేస్తే, ఫారంలో రాసేది ఆ బలహీనమైన కిటికీని బట్టే. అద్దం ఉన్న ప్రతి సందుకూ రక్షణ ఉండాలి. అద్దం మూలలో చెక్కిన గుర్తులు, షట్టర్ల మీది ఆమోద నంబర్లు ఫొటోలో కనబడాలి. గ్యారేజీ తలుపును మరచిపోవద్దు. హరికేన్ గాలి ఆ వెడల్పాటి రేకును లోపలికి తోస్తే, ఇంట్లో దూరిన గాలి కప్పును కింది నుంచి ఎత్తుతుంది.

వరద బీమా వేరే పాలసీ

ఇంటి బీమాలో వరద ఉండదు. గాలికి కప్పు ఎగిరి వాన లోపలికి వస్తే ఇంటి బీమా, సముద్రం పొంగి గుమ్మం దాటితే వరద బీమా. ఈ రెండింటి మధ్య తగవులో నలిగిపోకూడదంటే రెండూ ఉండాలి. ప్రభుత్వం నడిపే జాతీయ వరద బీమా పథకం ఇంటి కట్టడానికి 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్ల వరకు ఇస్తుంది. ఆపైన కావాలంటే ప్రైవేటు కంపెనీలున్నాయి. కొత్త పాలసీ మామూలుగా 30 రోజుల తరువాతే అమలవుతుంది. ఇల్లు కొనేటప్పుడు లోను కోసం తీసుకునేదానికి మాత్రం ఆ నిరీక్షణ లేదు.

2021 అక్టోబరు నుంచి, ఆ పథకాన్ని నడిపే కేంద్ర విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా ప్రీమియం లెక్కించే పద్ధతి మారింది. ఇల్లు ఏ జోనులో ఉందన్నది కాక, నీటికి ఎంత దూరం, నేల ఎంత ఎత్తు, తిరిగి కట్టడానికి ఎంత అవుతుంది అన్నవాటితో ఇంటింటికీ విడిగా లెక్క కడుతున్నారు. పాత ఇళ్లకు దీనివల్ల అసలు ధర ఎక్కువగా తేలింది. అయితే యజమాని నివసించే ఇంటికి పెంపు ఏడాదికి 18 శాతం మించకూడదన్న పరిమితి ఉంది. అందుకే అమ్మేవారికి ఇప్పటికే ఆ పథకంలో పాలసీ ఉంటే, దాన్ని రద్దు చేయనీయకుండా మీ పేరుకు మార్పించుకోండి. వారు ఎక్కుతున్న మెట్ల మీద నుంచే మీరూ ఎక్కవచ్చు, కొత్తగా తీసుకుంటే నేరుగా పై మెట్టు ధర కట్టాలి. ఈ ఒక్క ప్రశ్న అడగనందుకు ఏటా వందల డాలర్లు ఎక్కువ కట్టేవారున్నారు.

వరద మైదానంలో ఉన్న పాత ఇంటికి ఇంకో గండం ఉంది. మరమ్మతు ఖర్చు కట్టడం విలువలో సగానికి చేరితే ఇంటిని ఇప్పటి వరద నియమాల ప్రకారం మార్చాలి, అంటే చాలాసార్లు ఎత్తు లేపాలి లేదా పడగొట్టాలి. ఇక్కడ విలువ అంటే నేల కాకుండా కట్టడం విలువ మాత్రమే. పాత ఇంట్లో అది తక్కువే కాబట్టి సగం గీత త్వరగా దాటుతుంది. 2024లో హెలీన్ హరికేన్ తెచ్చిన ఉప్పెన తరువాత టాంపా బే తీరంలో ఎందరికో ఇది ఎదురైంది. ప్రభుత్వ వరద పాలసీ ఈ పనికి 30,000 డాలర్ల వరకు అదనంగా ఇస్తుంది. ఇల్లు లేపడానికి అది మూలకు కూడా రాదు.

కోట్లు పోల్చడం: కింది అంకె చూసి మోసపోకండి

ఒక్క ఏజెంటుతో సరిపెట్టుకోవద్దు. ఏ ఏజెంటు దగ్గరా అన్ని కంపెనీలూ ఉండవు కాబట్టి ఇద్దరు ముగ్గురు స్వతంత్ర ఏజెంట్లకు అవే నివేదికలు పంపండి. ఇల్లు కాంక్రీటు దిమ్మెలదా, చెక్క చట్రానిదా అన్నది సరిగా రాశారో లేదో చూడండి. దిమ్మెల ఇంటికి ధర తక్కువ, తప్పుగా చెక్క అని టిక్కు పెట్టిన కోట్ నేనే చూశాను.

పోల్చేటప్పుడు మొదట చూడాల్సింది కట్టడానికి రాసిన మొత్తం. ఇంటి అమ్మకం ధరతో దానికి సంబంధం లేదు. నేల ఎగిరిపోదు కాబట్టి నేలకు బీమా అక్కర్లేదు, ఇల్లు మళ్లీ కట్టడానికి ఎంత అవుతుందో అంత ఉండాలి. ప్రీమియం తగ్గించడానికి ఈ అంకెను కోసిన కోట్ చవకగా కనిపిస్తుంది.

తరువాత హరికేన్ డిడక్టిబుల్, అంటే బీమా డబ్బు రాకముందు మీరు భరించాల్సిన వాటా. కంపెనీలు 500 డాలర్లు, 2 శాతం, 5 శాతం, 10 శాతం అన్న ఎంపికలు చూపుతాయి. ఆ శాతం జరిగిన నష్టం మీద కాదు, కట్టడం బీమా మొత్తం మీద. 4 లక్షల డాలర్లకు బీమా ఉంటే 2 శాతం అంటే 8,000, 5 శాతం అంటే 20,000, 10 శాతం అంటే 40,000. తుఫాను మర్నాడు అంత డబ్బు మీ దగ్గర ఉంటుందా అని నిజాయితీగా లెక్క వేసుకుని ఎంచుకోండి. ఫ్లోరిడాలో ఈ డిడక్టిబుల్ క్యాలెండర్ సంవత్సరానికి ఒక్కసారే. 2024లో సెప్టెంబరు 26న హెలీన్, అక్టోబరు 9న మిల్టన్ వచ్చాయి. మొదటి తుఫానులో నష్టం డిడక్టిబుల్ దాకా రాలేదని ఊరుకోకుండా కంపెనీకి తెలియజేసి బిల్లులు దాచుకున్నవారికి, రెండోదానిలో ఆ ఖర్చు కలిసివచ్చింది.

పాత ఇంటికి తప్పక ఉండాల్సినది 'ఆర్డినెన్స్ ఆర్ లా' కవరేజీ. కాలిన భాగాన్ని, కూలిన భాగాన్ని ఇప్పటి కోడు ప్రకారం కట్టడానికయ్యే అదనపు ఖర్చు ఇది ఇస్తుంది. 25 శాతం, 50 శాతం అని రెండు స్థాయులుంటాయి. 1970ల ఇంట్లో సగం కప్పు పోతే మిగతా సగం కూడా కొత్త కోడుకు తగ్గట్టు మార్చాల్సి రావచ్చు. ప్రీమియంలో తేడా కొద్దిగానే ఉంటే 50 శాతం తీసుకోండి, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. కప్పు నష్టానికి పూర్తి ధర ఇస్తారా, తరుగు తీసేస్తారా అన్నది, నీటి నష్టం పరిమితి, ఈత కొలను మీది జాలీ గూడుకు కవరేజీ ఉందా అన్నది కూడా ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి.

కంపెనీ సంగతి. రాష్ట్ర అనుమతి ఉన్న కంపెనీ మూతపడితే ఫ్లోరిడా బీమా హామీ సంస్థ ఇంటి క్లెయిములు ఒక పరిమితి దాకా చెల్లిస్తుంది. ఆ అనుమతి పరిధిలోకి రాని 'సర్‌ప్లస్ లైన్స్' కంపెనీలకు ఆ హామీ లేదు. అవి వద్దని కాదు, కొన్ని ఇళ్లకు అవే దిక్కు. తెలిసి తీసుకోండి.

ఎవరూ ముందుకు రాకపోతే రాష్ట్రం 2002లో ఏర్పాటు చేసిన సిటిజన్స్ అనే బీమా సంస్థ ఉంది. ప్రైవేటు కోట్ సిటిజన్స్ ధర కంటే 20 శాతం మించి ఎక్కువైతేనే అందులో చేరగలరు. చేరాక కూడా, రెన్యువల్ సమయంలో ప్రైవేటు కంపెనీ ఏదైనా ఆ 20 శాతం లోపు ధరకు ముందుకొస్తే వెళ్లిపోవాల్సిందే. గాలి కవరేజీ ఉన్న సిటిజన్స్ పాలసీదారులు వరద బీమా కూడా తీసుకోవాలన్న నియమం ఇంటి విలువను బట్టి దశలవారీగా వస్తోంది. 2027 నుంచి విలువ ఎంతైనా తప్పదు. సిటిజన్స్ ధర చూసి ఆనందించే ముందు వరద పాలసీ ధర కూడా దానికి కలపండి.

గాలి కవరేజీ తీసేసుకుంటే బిల్లు సగం తగ్గుతుందని సలహా ఇచ్చేవారు దొరుకుతారు. లోను ఉన్నవారికి అది కుదరదు. లోను లేకపోయినా, గాలి నష్టం నా మీదే వేసుకుంటున్నానన్న వాక్యాలను చట్టం చెప్పిన మాటల్లో స్వయంగా రాసి సంతకం పెట్టాలి. స్వయంగా రాయమన్నారంటేనే అది ఎలాంటి నిర్ణయమో ఊహించుకోండి.

రిజిస్ట్రేషన్ తేదీ, తుఫానుల కాలం

జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ సీజను. తుఫాను దగ్గర పడుతోందంటే కంపెనీలు కొత్త పాలసీలు రాయడం ఆపేస్తాయి. బీమా లేనిదే లోను విడుదల కాదు, లోను లేనిదే ఇల్లు మీది కాదు. సామాను లారీలో, మనుషులు హోటల్లో. సెప్టెంబరులో ఇల్లు కొనేవారు రిజిస్ట్రేషన్ రోజు దాకా ఆగకుండా వారం పది రోజుల ముందే పాలసీ ఖాయం చేయించుకోవాలి. అప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని ఉండదు.

ఇంట్లో దిగాక

మార్పులకు డబ్బు పెట్టే వరుస గురించి నా అభిప్రాయం ఇది. ముందు మేకులు, పట్టీలు. తరువాత గ్యారేజీ తలుపు. కిటికీలు అన్నీ ఒకేసారి చేయించగలిగినప్పుడే మొదలుపెట్టండి, సగం పనికి ఫారంలో విలువ లేదు. కప్పు దాని ఆయుష్షు తీరినప్పుడు మార్చండి. పని మొదలుపెట్టే ముందు మై సేఫ్ ఫ్లోరిడా హోమ్ పథకంలో మీకు అర్హత ఉందేమో చూడండి. ఉచిత తనిఖీ చేసి, మీరు పెట్టే ప్రతి డాలరుకు రాష్ట్రం రెండు డాలర్ల చొప్పున 10,000 డాలర్ల వరకు ఇస్తుంది. నిధులు ఉన్నంతవరకే దరఖాస్తులు తీసుకుంటారు, అర్హతలూ మారుతుంటాయి. అనుమతి రాకముందు పని మొదలుపెడితే డబ్బు రాదు.

రెన్యువల్ ప్రీమియం ఎంతో కంపెనీ 45 రోజుల ముందు తెలపాలి. ఆ కవరు రాగానే పక్కన పడేయకుండా పాత పేజీలతో పోల్చండి. విండ్ మిటిగేషన్ తగ్గింపు ఏ కారణంగానో మాయమైందేమో చూడండి. ఫారం అయిదేళ్లు నిండితే చెప్పాపెట్టకుండా పోతుంది.

నష్టం జరిగితే క్లెయిము వేయడానికి ఇప్పుడున్న గడువు ఒక్క ఏడాది, తరువాత బయటపడ్డ అదనపు నష్టానికి 18 నెలలు. మే నెలాఖరులో ఇంటి నాలుగు వైపులా, అటకలో, ప్రతి గదిలో ఫొటోలు తీసి ఇంటి బయట ఎక్కడైనా భద్రపరచండి.

మా కరెంటు ప్యానెల్ తలుపు లోపలి వైపు ఒక చీటీ అంటించి ఉంది. కప్పు పర్మిట్ నంబరు, కప్పు వేసిన తేదీ, విండ్ మిటిగేషన్ ఫారం తేదీ, అది ముగిసే తేదీ, పాలసీ రెన్యువల్ తేదీ. వడ్రంగి దాని కింద పెన్సిలుతో ఒక అంకె రాసి వెళ్లాడు: తాను కొట్టిన మేకుల లెక్క.